రూప్లి వాటా

పదకొండేళ్ళుగా బస్సులో కండక్టర్‌గా చేస్తున్నాను. మనిషి మెట్టెక్కే తీరు చూస్తే చాలు, టికెట్ తీసుకుంటాడో, మూడో స్టేజీ దాకా నిద్ర నటిస్తాడో చెప్పేస్తాను. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమయ్యాక నా అనుమానం ఇంకో దారి పట్టింది. ఆధార్ కార్డులో ఫోటోనూ, ఎదురుగా ఉన్న ముఖాన్నీ మార్చి మార్చి చూడటం అలవాటైపోయింది. మా ఆయన కోటేష్ పాల్వంచలో షిఫ్టు దిగి ఇంటికొస్తే, చెప్పులు విప్పకముందే ఆలస్యం ఎందుకైందని అడుగుతానని అతని ఫిర్యాదు. అడుగుతాను. అడిగితే పోయేదేముంది?

ఇంతమందిని అనుమానించే నేను నలభై ఏళ్ళలో ఒక్కసారీ అనుమానించని మనిషి మా బాపు. కిందటి దీపావళి పొద్దున్న ఆ లోటూ తీరింది.

మాది టేకులపల్లి దగ్గర తండా. బాపు పేరు పూల్‌సింగ్, అమ్మ పేరు మంగ్లి. మేం అమ్మను యాడి అంటాం. ఇంట్లో మాట్లాడుకునేది మా భాషే అయినా ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. వాళ్ళకు నేనొక్కదాన్నే బిడ్డను. పెళ్ళయ్యాక కూడా వాళ్ళ ఇంటి పక్కనే ఇల్లు వేసుకున్నాం.

దీపావళి పొద్దున్న మా తండాలో ఇంటి మగమనిషి పొయ్యిలోంచి నిప్పులు తీసి వాకిట్లో పోస్తాడు. వాటి మీద నెయ్యి, బెల్లం పాయసం ముద్దలు ముద్దలుగా వేస్తూ, చనిపోయిన తనవాళ్ళను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడు. ధబ్‌కార్ అంటాం. ఆ నిప్పుల మీద పేరు రావాలంటే ఆ ఇంట్లో పుట్టాలి, లేదా ఆ ఇంటికి కోడలై రావాలి. బయటివాళ్ళకు అక్కడ వాటా ఉండదు. పెళ్ళై వెళ్ళిపోయిన ఆడపిల్లకూ ఉండదు, ఆమె వాటా అత్తింటి నిప్పుల మీదే.

బాపు ఏటా పేర్లు పెదాల్లోనే గొణిగేవాడు. ఆ ఏడు వానాకాలంలో అతనికి చెవులు మందగించాయి. చెవుడొచ్చిన మనిషికి తన గొంతు ఎంత గట్టిగా వస్తోందో తెలియదు. తను గొణుగుతున్నాననే అనుకున్నాడు, కానీ వాకిలంతా వినిపించింది.

తాత, ముత్తాత, వాళ్ళ భార్యలు, చిన్నప్పుడే పోయిన తమ్ముడు. అందరూ అయ్యాక గిన్నెలో మూడు ముద్దలు మిగిలాయి.

"లచ్చిరాం, రా. తిను."

"దేవ్లా, రా. తిను."

మూడో ముద్దను కాసేపు చేతిలోనే పట్టుకున్నాడు.

"రూప్లీ, నువ్వు కొత్తగ పోయినవు. తొవ్వ తెల్వకుంటే లచ్చిరాం ఎంబడి రా."

యాడి పక్కనే నీళ్ళ చెంబుతో నిలబడి ఉంది. పిలవడం అయ్యాక నిప్పుల చుట్టూ నీళ్ళు చల్లాల్సింది ఆమే. చల్లలేదు.

"రూప్లి ఎవరు?" అంది.

బాపు వినలేదు. ఆమె వంగి చెవి దగ్గర మళ్ళీ అడిగింది. బాపు ముఖంలో రంగు మారింది. టికెట్ లేని మనిషి ముఖం నాకు బాగా తెలుసు.

"మనోళ్ళే."

"మనోళ్ళల్ల రూప్లి లేదు. నలభై ఎనిమిదేండ్లాయె ఈ ఇంట్ల. నీ ఏడు తరాలు నాకు నోటికొస్తయ్."

"ఉన్నదిలే. నీకు తెల్వదు."

ఇంతకంటే చెడ్డ జవాబు ఇంకొకటి ఉంటుందని నేననుకోను. యాడి చెంబు అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నిప్పులు వాటంతటవే ఆరిపోయాయి.

పండగ మర్నాడు పత్తి చేలోకి ఇద్దరమే వెళ్ళాం. యాడి రెండు చేతులతో పత్తి ఏరుతూ, నా వైపు చూడకుండా, రాత్రంతా ఆలోచించింది చెప్పుకుపోయింది.

"పెండ్లాం, ఇద్దరు కొడుకులు. కొడుకులు ముందుగాల పోయిన్రు. తల్లి ఇప్పుడు పోయింది. 'లచ్చిరాం ఎంబడి రా' అన్నడు, ఇన్నవు గదా? కొడుకు ఎంబడి కాకపోతే ఎవరి ఎంబడి వొస్తది?"

"యాడీ, ఊకెనే ఏదో ఒకటి అనుకోకు."

"ఊకెనే అనుకుంటున్ననా? పెండ్లయిన ఏడాదికే పోయిండు. మూడు ఎండకాలాలు. తునికాకు లారీల మీద పని అన్నడు. ఏ ఒక్క పొద్దన్న చేతులకు ఆకు మరక చూసిన్నా నేను? చూడలే. అప్పుడే అడగాల్సింది. కొత్త పెండ్లికూతురును, ఏమడుగుత?"

నా దగ్గరా ఒక సంగతి ఉంది. వానాకాలం నుంచి బాపు ప్రతి మంగళవారం కొత్తగూడెం వెళ్తున్నాడు. చెవి చూపించుకోవడానికి దవాఖానాకు అంటాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు. ఏ చెవి డాక్టరూ మూడు నెలలపాటు ప్రతి మంగళవారం రమ్మనడు, చీటీ ఇవ్వకుండా పంపడు. పైగా బాపు దిగేది దవాఖానా దగ్గర కాదని, రైల్వేస్టేషన్ దాకా వెళ్తాడని మా డిపోలో కళ్ళున్న కండక్టర్లంతా చెప్పారు. ఈ సంగతి యాడికి చెప్పలేదు. చెప్పకపోయినా నా మనసులో అది కుదురుగా ఉండలేదు.

కొడుకులు లేని ఇల్లని తండా మా ఇంటిని చూసి జాలిపడేది. అలాంటిది, నాకిద్దరు అన్నలుండేవారా? ఎక్కడో పెరిగి, పోయి కూడా పోయారా? రాఖీ కట్టే వయసులో పక్కింటి వాకిట్లో రాఖీ పట్టుకుని నిలబడ్డానే నేను! ముఖమైనా చూడని ఆ ఇద్దరి మీద నాకు కోపం వచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. పత్తి సంచిలో ముఖం పెట్టి ఏడ్చాను.

మూడో రోజుకల్లా యాడి రెండు చీరలు సంచిలో పెట్టుకుని, అడవికి అవతలి తండాలో ఉన్న తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే బలరాం మామ బండి మీద దిగాడు. మామ మంచివాడే గానీ, తగాదా అంటే కాస్త ఉత్సాహమెక్కువ.

"బావా, వొచ్చే ఆదివారం మా వాకిట్ల పెద్దమనుషులు కూసుంటరు. ఆమె ఎవరో నలుగుట్ల చెప్పు. చెప్పకపోతే మా అక్క మా ఇంట్లనే ఉంటది. ఇగ నీ గడప తొక్కదు."

బాపు తలుపు చెక్కకు ఆనుకుని నిలబడ్డాడు. చెవిటితనం అడ్డం పెట్టుకుని విననట్టు ఉంటాడేమో అనుకున్నాను. విన్నాడు.

"చెప్పిన నమ్మరు," అన్నాడు.

"చెప్పి చూడు!"

"నవ్వుతరు."

దానికి మామకు ఇంకా మండింది. ఇంకో పెండ్లాం ఉందని చెప్తే నవ్వేదేంటని అరుస్తూ బండి ఎక్కాడు. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాను. తప్పు చేసినవాడు తిడతారని భయపడతాడు, కొడతారని భయపడతాడు. నవ్వుతారని ఎందుకు భయపడతాడు? ఇందులో మేం అనుకుంటున్న దానికంటే పెద్దదేదో ఉందనిపించింది.

మంగళవారం సెలవు పెట్టాను. దుమ్ముకు కట్టుకునే స్కార్ఫ్ కళ్ళు తప్ప ఏమీ కనిపించకుండా చుట్టుకుని, బాపు ఎక్కిన బస్సులోనే వెనక తలుపు నుంచి ఎక్కాను. మా డిపో పిల్ల భార్గవి డ్యూటీలో ఉంది. ఆధార్ చూపించమంది. చూపిస్తే ఫక్కున నవ్వింది. "ఏందక్కా, నీ బస్సుల నువ్వే దొంగతనంగ ఎక్కినవా?" కళ్ళతోనే బతిమాలితే నోరు మూసుకుంది.

బాపు స్టేషన్ దగ్గర దిగాడు. ఆ స్టేషన్‌కు భద్రాచలం రోడ్ అని పేరు కావడంతో, రైలు దిగిన యాత్రికులు ఎప్పటిలాగే రాములవారి గుడి ఎటు అని అడుగుతున్నారు. ఇంకా బస్సెక్కి గంటసేపు పోవాలంటే నమ్మడం లేదు. వాళ్ళ మధ్యలోంచి బాపు చకచకా నడిచి వెనక సందులోకి తిరిగాడు. డెబ్బై దాటిన మనిషి, చెవి వైద్యానికని చెప్పిన మనిషి, అంత చురుగ్గా నడవడం చూసి నా ఒళ్ళు మండిపోయింది. పాత పెంకుటిల్లొకటి ఉంది. తలుపు తట్టకుండానే లోపలికి వెళ్ళి గడియ వేయకుండా దగ్గరికి చేశాడు.

నేను కిటికీ కింద నిలబడ్డాను. కాసేపటికి లోపల ఆడమనిషి ఏడుపు వినిపించింది. సన్నగా, ఊపిరి పట్టి పట్టి. మా భాషలోనే మాట్లాడుతోంది.

"తుపాకి కింద పెట్టు. చేతిల తుపాకి పెట్టుకుని నాతోని మాట్లాడకు."

దానికి బరువైన మగ గొంతు: "పొద్దు గూకే లోపట ఊరు ఇడిసి పో. లేకుంటే ఇద్దరు మిగలరు."

మా అడవి అంచున తుపాకి అనే మాట ఎవరూ ఊరికే అనరు. ఆ మాట విన్న వెంటనే తలుపులు వేసుకున్న రోజులు మా పెద్దవాళ్ళకు గుర్తే. నాకు రూప్లి సంగతి ఎగిరిపోయింది. ఎవరో బాపును, ఇంకో ఆడమనిషిని బెదిరిస్తున్నారు. ఇంకేమీ ఆలోచించకుండా తలుపు తోసేశాను.

గదిలో ఇద్దరే ఉన్నారు. ఇద్దరూ ముసలివాళ్ళే. స్టీలు గ్లాసుకు ఆనించి నిలబెట్టిన ఫోన్‌లో ఎర్రటి ఎడారి, గుర్రం మీద ఒక తెల్లమనిషి, ఇంటి ముందు పొడవాటి గౌను వేసుకున్న ఒక తెల్లామె. ఫోన్‌లో శబ్దం లేదు. శబ్దమంతా మా బాపు నోట్లోంచి వస్తోంది. తెర మీద ఆమె పెదాలు కదులుతుంటే బాపు గొంతు సన్నమైపోతోంది, అతను నోరు తెరిస్తే బరువెక్కుతోంది. నన్ను చూసి ఆమె గొంతు సగంలోనే తెగిపోయింది.

"బిడ్డనా?" అన్నాడు పక్కనున్న ముసలాయన, దళసరి అద్దాలు సర్దుకుంటూ. "కూసో బిడ్డా. నా పేరు సీతయ్య. మీ బాపు, నేను ఒక్క టెంటుల పనిచేసినం."

నేను కూర్చోలేదు. నిలబడే విన్నాను.

అది తునికాకు లారీ కాదట. ఎండాకాలం పంటలెత్తాక ఊరూరా తిరిగే సినిమా టెంటట. సీతయ్య మిషన్ ఆపరేటర్. తక్కువ కిరాయికి దొరికే పాత కౌబాయ్ రీళ్ళు తెచ్చేవాళ్ళు. ఇంగ్లీషు ఒక్క ముక్క చూసేవాళ్ళకూ రాదు, చూపించేవాళ్ళకూ రాదు. అందుకని మా బాపు తెర పక్కన నిలబడి, రేకు గొట్టం నోటికి పెట్టుకుని, తెర మీద వాళ్ళు ఏమంటున్నారో చెప్పేవాడట. తండాల్లో మా భాషలో, మిగతా ఊళ్ళల్లో తెలుగులో.

"ఆయనకు మాత్రం ఏం తెలుసు?" అన్నాను.

"ఏం తెల్వదు," అన్నాడు సీతయ్య, గర్వంగా. "అంత సొంతమే. పెదవులు కదిలిన కాడ మాట పెట్టెటోడు. జనం ఏడ్సెటోళ్ళు. గుర్రం మీద ఉన్నడే, ఆయనకు లచ్చిరాం అని పేరు పెట్టిండు. ఆమె రూప్లి. దేవ్లా మటుకు తెర మీద కనపడడు. గా సినిమా తీసినాయన. గంత ఎండను, గా ముఖాలను గట్ల చూపెట్టినోడికి ఒక పేరుండాలె గదా అని మీ బాపే పెట్టిండు."

అవి అమెరికా సినిమాలు కూడా కావట. ఇటలీ వాళ్ళు తీశారట, ఎడారేమో స్పెయిన్‌లోదట. వయసైపోయాక సీతయ్య ఫోన్ పట్టుకుని, తన దగ్గరున్న పాత పోస్టర్లను ఫోటో తీసి ఒక్కొక్కరూ ఎవరో వెతుక్కున్నాడు. దొరికిన ప్రతివాళ్ళ పేరు కిందా చనిపోయిన తేదీ ఉందట. తీసినాయన ఎప్పుడో పోయాడు. లచ్చిరాం పోయి పన్నెండేళ్ళు. రూప్లి మాత్రం బతికే ఉందని ఇద్దరూ సంతోషపడ్డారు. ఆషాఢంలో ఆమె కూడా పోయింది.

"గప్పటిసంది మంగళవారం మంగళవారం కూసుంటున్నం," అన్నాడు సీతయ్య. "ఒక్కటి చూస్తం. ఆయన చెప్తడు, నేను వింట. ఇంకో సంగతి ఎర్కనా బిడ్డా? గా సినిమాలల్ల ఎవరి గొంతు వాళ్ళది కాదంట. ఒక్కొక్కరు ఒక్కో భాషల మాట్లాడేటోళ్ళంట, ఎనకసిరి ఎవరో గొంతు పెట్టెటోళ్ళంట. మరి మీ బాపు పెడితే తప్పేంది?"

నేను అప్పటికీ నమ్మలేదు. ఫోన్ తీసుకుని ఆమె చివరి ఫోటో చూశాను. తెల్ల జుట్టు, ముడతల ముఖం. పోస్టర్‌లో ఉన్న ముఖం పక్కన పెట్టి కనుబొమల దగ్గర నుంచి గడ్డం దాకా చూశాను. ఇద్దరూ ఒక్కరే. ఆమె పేరు నాకు నోరు తిరగలేదు.

"యాడికెందుకు చెప్పలేదు బాపూ?"

బాపు ఫోన్ వైపే చూస్తూ అన్నాడు. "టెంటోళ్ళంటే అప్పుడు మంచిపేరు లేకుండె. మీ తాత పిల్లను వాపసు తీస్కపోతడని భయమైంది. లారీ అన్న. ఒక్కసారి అన్నంక మల్ల ఎట్ల మార్సాల్నో తెల్వలే. ఏండ్లు పోయినయ్."

ఆదివారం బలరాం మామ వాకిట్లో ఆరుగురు పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చున్నారు. యాడి గడప లోపల, తలుపు పక్కన కూర్చుంది. బాపు నోరు విప్పడని తెలిసి నేనే మొత్తం చెప్పాను. ఫోన్ చూపించాను. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత నవ్వారు. బాపు భయపడ్డట్టే నవ్వారు. కానీ వాళ్ళలో ఒక ముసలాయన నవ్వుతూ నవ్వుతూ లేచి నిలబడ్డాడు.

"ఓరి నీ... గా టెంటుల గొట్టం పట్టుకుని చెప్పినోడివి నువ్వేనా? నేను ఏడు సార్లు చూసిన! లచ్చిరాం పోతుంటే రూప్లి ఒక మాట అంటది సూడు. ఏదీ, చెప్పు!"

పంచాయతీ పోయి ఇంకేదో అయిపోయింది. చెప్పమని ఒకటే గోల. మామ కూడా గొంతు కలిపాడు. బాపు వద్దంటే వద్దన్నాడు, సిగ్గుపడ్డాడు, చివరికి లేచి చెయ్యి నోటికి గొట్టంలా పెట్టుకున్నాడు. వీపు కాస్త వంచాడు. సన్నటి గొంతు వచ్చింది.

"పోతే పో. నేను ఆపను. పోయేటోడివి తలుపు దగ్గరికేసి పో. తెరిచి ఉంటే వొస్తవనుకుంట."

చప్పట్లు కొట్టారు. ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ చప్పట్లు కొట్టబోయి, యాడి వైపు చూసి ఆగాను.

యాడి గడప దాటి వాకిట్లోకి వచ్చింది. పెద్దమనుషుల ముందు ఆమె ఎప్పుడూ ముఖం మీది కొంగు తీయదు. ఇప్పుడు తీసింది.

"ఆ మాట ఆమెదా?" అంది.

బాపు చెయ్యి దించాడు.

"ఆ మాట నాది," అంది యాడి. "నువ్వు మొదటిసారి పోయిన పొద్దు నేనన్న మాట. నా నోట్లకెల్లి తీస్కపోయి ఆమె నోట్ల పెట్టినవు. ఊరూరా చెప్పినవు. వీళ్ళందరికి తెలుసు, నాకు తప్ప. ఇప్పుడామె సచ్చిపోయిందని ముద్ద పెడ్తున్నవు. నిప్పుల మీద పిలిచేది ఎవరిని? ఆ మాట అన్నదాన్ని."

యాడి ఇంకో అడుగు దగ్గరికి వేసింది.

"నేను బతికే ఉన్న, పూల్‌సింగ్."

మా యాడి నోట బాపు పేరు నేనెప్పుడూ వినలేదు. మాలో ఏ ఆడమనిషీ పెనిమిటి పేరు పలకదు. పలికితే ఏమవుతుందోనని నాకు చిన్నప్పటి నుంచీ భయం. ఏమీ కాలేదు. బాపు మాత్రం, వానాకాలం నుంచీ చెవులు సరిగా వినపడని మనిషి, ఆ మాట పూర్తిగా విన్నట్టు నిలబడిపోయాడు.

తీర్పు ఎవరూ చెప్పలేదు. టీలు తాగి లేచారు. యాడి లోపలికి వెళ్ళి రెండు చీరలున్న సంచి తెచ్చుకుని, ఎవరితోనూ చెప్పకుండా బస్సు ఆగే చోటికి నడిచింది. తిరిగి వస్తోందో, పంతానికి ఇంకెక్కడికైనా పోతోందో నాకు తెలియలేదు. బాపు, నేను వెనకే నడిచాం. మధ్యాహ్నం బస్సు వచ్చింది. ఆమె మా వైపు బస్సే ఎక్కింది.

ముగ్గురం కూర్చునే సీటు దొరికింది. యాడి కిటికీ పక్కన కూర్చుంది. పత్తి లారీలు ఎదురొస్తున్నాయి. కాసేపు బయటికి చూసి, ఆయన వైపు తిరిగి, చెవిలో పడేట్టు గట్టిగా అడిగింది. బస్సులో సగం మంది విన్నారు.

"ఆ పొద్దు నువ్వు తలుపు ఏసి పోలే. తెరిచే పెట్టి పోయినవు. ఎందుకు?"

బాపు నిటారుగా కూర్చున్నాడు. ఛాతీ నిండా గాలి తీసుకున్నాడు. బరువైన గొంతు, గుర్రం మీది మనిషి గొంతు మొదలైంది. "రూప్లీ, నేను..."

యాడి అతని మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"ఆ గొంతొద్దు. నీ గొంతుతోని చెప్పు."

బాపు నోరు మూశాడు. గొంతు సవరించుకున్నాడు, ఇంకోసారి సవరించుకున్నాడు. ఒక స్టేజీ దాటింది. ఇంకోటి దాటింది. యాడి చెయ్యి తీయలేదు, అతని నోటి వైపే చూస్తూ కూర్చుంది.